ఇంటి గుట్టు, అపరిచితుని బల్ల

గత నెలలో శ్రీకాకుళం నుంచి ఒక సోదరుడు మాకు ఫోను చేశారు. పరుపుల దుకాణం నడుపుకొనే మనిషి. మన పత్రిక ఏళ్ల తరబడి వారింటికి వెళుతోంది. సలాములు, కుశల ప్రశ్నలు అయిన తరువాత కొంతసేపు ఆయన నోట మాట పెగలలేదు. చివరకు ఇలా అన్నారు: "మా గుంటడు అమెరికాలో ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడానికి వ్యాసం రాశాడండీ. మా ఇంటి సంగతులన్నీ అందులో పెట్టేశాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్లు చదువుతారట. మీరైనా వాడికి చెప్పండి."

ఆ కుర్రవాడు కాలిఫోర్నియాలో చిన్నాన్న ఇంట ఉండి, రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చదువుకొంటున్నాడు. తండ్రి అనుమతితో అతనితో మాట్లాడాము. తాను రాసిన రెండు ప్రతులనూ పంపాడు. ఆ ఇంటివారి సమ్మతితోనే, పేర్లు చెప్పకుండా, ఈ నెల ఈ శీర్షికను దానికే కేటాయిస్తున్నాము. ఇటువంటి వ్యాసాలు ఇప్పుడు మన ఇళ్లలో చాలామంది పిల్లలు రాస్తున్నారు. తల్లిదండ్రులు వాటిని చదవడం మాత్రం తక్కువ.

మనవైపు కాలేజీ మారడమంటే టీసీ, మార్కుల జాబితా, ఏదో ఒక కార్యాలయం చుట్టూ నాలుగు రోజుల తిరుగుడు. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చిన తరువాత, సంపాదించిన క్రెడిట్లను వెంట తీసుకుపోయే వీలు ఏర్పడింది. అయినా "నువ్వు ఎందుకు మారుతున్నావు?" అని విద్యార్థిని అడిగేవారు అరుదు. అమెరికాలో ఆ ప్రశ్నే ప్రధానం. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, విశ్వవిద్యాలయంలో మూడో ఏట చేరడం కాలిఫోర్నియాలో బాగా నలిగిన దారి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దరఖాస్తులో బదిలీ విద్యార్థి నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఎంచుకొన్న శాస్త్రానికి ఎలా సిద్ధపడ్డావన్నది తప్పనిసరి ప్రశ్న. మిగిలిన ఏడింటిలో మూడింటిని ఎంచుకోవచ్చు. ఒక్కొక్క జవాబు 350 మాటలు దాటరాదు. దరఖాస్తుకు సాధారణంగా నవంబరు నెలాఖరు ప్రాంతంలో గడువు. మార్కులన్నీ పట్టికలో ముందే ఉంటాయి కనుక, పట్టిక చెప్పలేనిది చెప్పడానికి విద్యార్థికి దొరికే చోటు ఇదొక్కటే.

ఇక్కడ ఒక సంగతి గుర్తు చేయాలి. 2019 జనవరి చివర మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరిట ఉన్న సంస్థ అమెరికా ప్రభుత్వ అధికారులే పన్నిన వల అని బయటపడింది. సుమారు 600 మంది అందులో నమోదయ్యారు. మొదటి విడతలో నిర్బంధించిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. వారిలో మన తెలుగు పిల్లలు ఎందరో. అక్కడ తరగతులు లేవు, గురువులు లేరు. ఇతర కాలేజీల నుంచి మారి అందులో చేరినవారూ ఉన్నారు. కష్టమైన ప్రశ్నలు అడిగే కాలేజీని చూసి మన పిల్లలు జంకుతారు. ఏమీ అడగకుండా చేర్చుకొనే చోటును చూసి జంకాలి.

ఇక ఆ కుర్రవాడి వ్యాసం. "కొత్తగా రాయి, సాహసం చెయ్యి, లేకపోతే వేల దరఖాస్తులలో నీది కనిపించదు" అని తోటివారు చెప్పారట. అందుకని మొదటి ప్రతిని అతని తాతగారి దూది ఏకే విల్లే మాట్లాడుతున్నట్టుగా రాశాడు. వారిది దూదేకుల కుటుంబం. ఇంటి మాట తెలుగే. తాతగారు విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి, ఇళ్ల అరుగుల మీద దూది ఏకి పరుపులు కుట్టేవారు. తరువాత తండ్రి దుకాణం పెట్టారు. యంత్రం వచ్చింది, విల్లు అటకెక్కింది. వ్యాసంలో ఆ విల్లు అటక మీద నుంచి మనుమణ్ణి తలచుకొని నిట్టూరుస్తుంది, అమెరికాను ఊహించుకొంటుంది, చివరకు తన నారి స్వరంతో అతణ్ణి దీవిస్తుంది.

చదవడానికి ముచ్చటగానే ఉంది. అయితే వ్యాసం ముగిసేసరికి విల్లు గురించి మాకు చాలా తెలిసింది, కుర్రవాడి గురించి ఏమీ తెలియలేదు. ఇది సాహసమని మేము అనుకోలేదు. విల్లు వెనుక దాక్కొంటే రాసినవాడికి పోయేదేమీ లేదు. పోయేదేమీ లేని పనిని సాహసమని ఎలా అంటాము? ఈ మాట అతనికి చెబితే కొంచెం నొచ్చుకొన్నాడు. "అందరూ బాగుందన్నారండీ" అన్నాడు. బాగుంది, కాదనము. ఈద్ సంచికకు పంపితే వేసుకొనేవాళ్లమేమో.

రెండవ ప్రతి వేరు. తండ్రికి కోపం తెప్పించినది అదే. అందులో మూడు సంగతులు కలగాపులగంగా ఉన్నాయి. వాటిని విడదీయడానికి మాకు రెండు రోజులు పట్టింది.

మొదటిది పొందూరు సంగతి. బడి సెలవుల్లో అతడు తాతగారితో పొందూరు వెళ్లేవాడు. అక్కడి సన్న ఖద్దరుకు పేరు తెచ్చిన పనితనం పత్తి శుభ్రం చేయడంలోనే మొదలవుతుంది. వాలుగ చేప దవడ ఎముకను చేతబట్టి, దాని సన్నని పళ్లతో పత్తిని దువ్వుతారు. చెత్త రాలిపోతుంది, పోగు తెగదు. "ఇనుప దువ్వెన ఎందుకు పనికిరాదు?" అని పదేళ్ల పిల్లవాడు అడిగాడు. "ఇనుముకు కరుకెక్కువరా, పోగు తెగిపోద్ది" అన్నారు తాత. ఎందుకు తెగుతుంది? చేప పళ్లకు తెగని పోగు ఇనుముకు ఎందుకు తెగుతుంది? పోగులో ఏముంది? ఆ ప్రశ్న అతణ్ణి వదలలేదట. పదార్థాల బలాబలాలను పరిశీలించే మెటీరియల్స్ ఇంజనీరింగ్‌లో చేరాలన్న కోరిక అక్కడ పుట్టింది. ఇప్పుడున్న కాలేజీలో ఆ శాఖ లేదు, అందుకే మారాలి. రెండవ ప్రతిలో ఇది ఆరు వాక్యాలు మాత్రమే, అదీ చివరన, ముఖ్యం కానట్టుగా ఉంది. ఆరు వాక్యాలూ తాత మాటలకు దాదాపు మాటకు మాటగా పెట్టిన ఆంగ్లం.

"ఇది ముందుకు తెచ్చి పెద్దది చెయ్యి" అన్నాము.

"ఇందులో ఏముందండీ? చేప దవడ అంటే నవ్వుతారు" అన్నాడు.

ఈ సిగ్గు ఒక్క అతనిది కాదు. మన జిల్లాల పిల్లలు విజయవాడలోనో హైదరాబాదులోనో హాస్టల్లో చేరిన మొదటి వారమే తమ యాసను మడిచి పెట్టెలో పెట్టుకొంటారు. ముస్లిం పిల్లలైతే ఇంకో మడత ఎక్కువ. వ్యాసం రాసే వేళకు ఇంట్లోని మాట, ఊళ్లోని మాట రెండూ చేతిలో ఉండవు. కన్సల్టెన్సీలు ఇచ్చే నమూనాలోని "చిన్ననాటి నుంచి నాకు కంప్యూటర్లంటే అపారమైన మక్కువ" మిగులుతుంది.

విద్యార్థి తన వ్యాసాన్ని ఏ మాటలలో రాయాలన్న తగాదా ఈ గడ్డ మీదనే ఒకసారి పెద్దయెత్తున నడిచింది. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారుల బడుల తనిఖీ అధికారి జె.ఏ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమెందుకని అడిగారు. ఆ ప్రశ్నను గిడుగువారు, విజయనగరంలో గురజాడ అప్పారావు, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగార్ అందిపుచ్చుకొన్నారు. తగాదా కవిత్వం దగ్గర కాదు, పరీక్షలో కుర్రవాడు రాసే వ్యాసం దగ్గర ముదిరింది. స్కూలు ఫైనల్ వ్యాసాన్ని ఆధునిక భాషలో రాసే వెసులుబాటు కొంతకాలం దొరికింది. 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షం గట్టిగా ఎదిరించడంతో ఆ తలుపు మళ్లీ మూసుకొంది. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచనపై వేసిన ఉపసంఘంలో గురజాడ సభ్యులు. సంఘం గ్రాంథికం వైపు మొగ్గితే, ఆయన 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి ఏడు నవంబరులో కన్నుమూశారు. ఓడిపోయిన పక్షంగానే వెళ్లారు. విశ్వవిద్యాలయాలు వాడుక భాషను ఒప్పుకోవడానికి ఆ తరువాత దశాబ్దాలు పట్టింది.

తనది కాని భాషలో రాసేవాడు ఆలోచించడం మాని, తప్పులు రాకుండా చూసుకోవడంలోనే అలసిపోతాడన్నది ఆ పెద్దల బాధగా మాకు అర్థమయింది. గిడుగువారు మరో మెట్టు దిగి, కొండల్లోని సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణం రాసి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు. ప్రతి జాతికీ దాని భాషలోనే ప్రవక్తను పంపామని దివ్య ఖుర్ఆన్ ఇబ్రాహీమ్ సూరాలో చెప్పిన భావం ఎరిగిన మనకు ఇది కొత్తగా తోచనక్కరలేదు. కుర్రవాడి దరఖాస్తు ఆంగ్లంలోనే ఉండాలి, నిజమే. ఆంగ్లంలో రాస్తూ కూడా "మా తాత ఇలా అన్నాడు" అని రాయవచ్చు.

రెండవ సంగతి తప్పిన పరీక్ష. తాతగారు చనిపోయినప్పుడు అతడు రాలేకపోయాడు. జనాజాను ఫోనులో చూశాడు. తరువాత కొన్ని వారాలు తరగతికి పోలేదు. కాల్‌క్యులస్ తప్పాడు. వేసవిలో మళ్లీ చదివి బి గ్రేడు తెచ్చుకొన్నాడు. ఈ మధ్యలో నాలుగు నెలలపాటు తండ్రికి "పాసయ్యాను" అని చెబుతూ వచ్చాడు. ఇదంతా వ్యాసంలో రాశాడు. తండ్రికి ఆ సంగతి తెలిసింది ఆ వ్యాసం చదివినప్పుడే! ఫోనులో మాతో ఆయన అన్నది ఇంటి పరువు గురించి. ఆయనకు గుచ్చుకొన్నది ఇది.

మూడవది ఇంట్లోని కష్టం. తల్లి నగలు బ్యాంకులో ఉన్నాయని, అక్క పెళ్లి ఫలానా కారణాన వాయిదా పడిందని రాశాడు. "కష్టాలు రాస్తే సీటు వస్తుందని చెప్పారండీ" అన్నాడు.

ఈ మూడవ దాని విషయంలో మాకు సందేహం కలగలేదు. తీసెయ్యమన్నాము. అక్క పెళ్లి అక్కది. ఆ అమ్మాయి ఎవరికీ చెప్పమనలేదు. ఇంట్లో నలుగురు కూర్చొని మాట్లాడుకొన్న మాట అమానత్. దానిని తీసుకుపోయి సీటు కోసం బల్ల మీద పెట్టే హక్కు తమ్ముడికి లేదు. కుటుంబ ఆదాయం చెప్పడానికి దరఖాస్తులో వేరే గడులున్నాయి. అక్కడ అంకె వేస్తే చాలు. మరొక కారణం కూడా ఉంది. ఇతరుల దుఃఖాన్ని రాస్తున్నప్పుడు కలం సులువుగా నడుస్తుంది, ఎందుకంటే రాసేవాడికి ఖర్చు లేదు. విల్లు చేత మాట్లాడించడం కూడా ఇటువంటిదే. ఇతని విషయంలో ఈ రెండూ ఒకే భయం నుంచి పుట్టాయేమోనని మాకనిపించింది.

రెండవ దాని దగ్గర మాలో మాకే ఏకాభిప్రాయం కుదరలేదు. అల్లాహ్ రాత్రివేళ కప్పి ఉంచిన తప్పును తెల్లవారి దాసుడే బయటపెట్టుకోవడాన్ని దైవప్రవక్త (స) గర్హించారు. అబద్ధం పాపమే. మరి దానిని కాలిఫోర్నియాలోని అధికారుల ముందు చాటడం ఎందుకని మాలో ఒకరి ప్రశ్న. పరీక్ష తప్పడం పాపం కాదు, పైగా అది పట్టికలో కనిపిస్తూనే ఉంది. తప్పిన కోర్సులతో సహా అన్నీ చూపడం నియమం. చూపిన దానికి కారణం చెప్పకపోతే చదివేవాడు తనకు తోచిన కారణం వేసుకొంటాడని మరొకరి మాట. చివరకు ఇద్దరమూ ఒక చోటికి వచ్చాము. పరీక్ష సంగతి రాయాలి. అబద్ధం సంగతి ముందు తండ్రికి చెప్పాలి, వ్యాసం ద్వారా కాదు, నోటితో. ఆ తరువాత అది వ్యాసంలో ఉండాలా వద్దా అన్నది తండ్రీ కొడుకులు తేల్చుకోవాలి. అపరిచితునికి నిజం చెప్పడం సులువు. తండ్రికి చెప్పలేనిది ఇరవయ్యేళ్లవాడు ఎవరికో చెప్పగలిగాడంటే, దానిని మేము ధైర్యమని పూర్తిగా ఒప్పుకోలేము.

ఆ రాత్రే ఫోను చేశాడట. ఏమి మాట్లాడుకొన్నారో మేము అడగలేదు.

ఇంకొక చిన్న మాట. రెండవ ప్రతిలో ఇప్పటి కాలేజీని రెండు వాక్యాలలో తూలనాడాడు. వాటిని కూడా తీసెయ్యమన్నాము. అన్యాయం చేసిందని కాదు, తనకు కావలసిన శాఖ లేదని మారుతున్నాడు. తప్పిన కోర్సును మళ్లీ చదవనిచ్చింది ఆ కాలేజీయే. ఆ సంగతి రాస్తే, మారవలసిన కారణం ఇంకా బలంగా నిలుస్తుంది.

ఇంగ్లీషు దిద్దడానికి విశాఖపట్నంలో ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టాలా, చాట్‌జీపీటీకి ఇవ్వాలా అని తండ్రి అడిగారు. ఫిరౌను దగ్గరకు వెళ్లమని ఆజ్ఞ అయినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన నాలుక ముడి విప్పమని వేడుకొన్నారు, తనకన్నా చక్కగా మాట్లాడగల సోదరుడు హారూన్‌ను తోడుగా ఇమ్మని అడిగారు. సాయం అడగడంలో చిన్నతనం లేదు. అయితే హారూన్ తోడు వెళ్లారు గాని మూసాకు బదులు వెళ్లలేదు. చిన్నాన్న కూర్చొని తప్పులు చూపవచ్చు, కాలేజీలో రాత నేర్పే గురువుకు చూపవచ్చు. ఎవరో రాసిచ్చినదానిపై సంతకం పెట్టడం మాత్రం వేరే పని. పైగా ఆ రాసిచ్చినదానిలో చేప దవడ ఉండదు.

నవంబరు మూడవ వారంలో కొత్త ప్రతి వచ్చింది. మొదటి వాక్యంలోనే పొందూరు ఉంది. పదేళ్ల పిల్లవాడి ప్రశ్న, తాత జవాబు, ఆ జవాబు సరిపోక తాను వెదికిన పుస్తకాలు, కమ్యూనిటీ కాలేజీ ప్రయోగశాలలో పత్తి పోగును, నైలాను పోగును బరువులు వేలాడదీసి తెంచి చూసిన ఒక మధ్యాహ్నం, చేతి కింద రాసుకొన్న అంకెలు. తరువాత తాత మరణం, తప్పిన పరీక్ష, మళ్లీ చదవడం. అబద్ధం గురించి ఒకే ఒక వాక్యం మిగిలింది. దానిని ఉంచమన్నది తండ్రేనట. విల్లు కూడా ఉంది, మాట్లాడటం లేదు.

ఆ వ్యాసాన్ని తండ్రి నిఘంటువు పక్కన పెట్టుకొని ఒక్కొక్క మాటే చదివారు. దుకాణం మూసిన తరువాత రెండు రాత్రులు పట్టింది. మూడవనాడు మాకు ఫోను చేశారు. మళ్లీ ఏదో అభ్యంతరం ఉన్నట్టు గొంతు సవరించుకొన్నారు.

"తాతను 'కాటన్ వర్కర్' అని రాశాడండీ."

"అవును. వాళ్లకు అర్థం కావాలి కదా."

కొంతసేపు మౌనం. చిన్నప్పుడు బడిలో దూదేకుల అన్న మాటతోనే తోటి పిల్లలు తనను ఏడిపించేవారని, పెళ్లిళ్లలో ఉర్దూ మాట్లాడే బంధువర్గాలు తమను ఒక వరుస వెనుక కూర్చోబెట్టేవని, అందుకే దుకాణం బోర్డు మీద ఆ మాట పడనివ్వలేదని చెప్పారు. అది మాకు కొత్త. ఇన్నేళ్ల పరిచయంలో ఆయన ఎప్పుడూ అనలేదు.

"దూదేకుల అనే రాయమనండి. ఇంగ్లీషు అక్షరాల్లోనే. పక్కన అర్థం పెట్టుకోమనండి. మా నాన్న కాటన్ వర్కర్ కాదు."

కొడుకుకు ఆ మాట మేమే చేరవేశాము. 350 మాటల లెక్కలో రెండు మూడు మాటలు దాటుతున్నాయని, ఏది తీసెయ్యాలో తెలియడం లేదని వాడు గాభరా పడ్డాడు. చివరకు "చిన్ననాటి నుంచి" అన్న మాటను తీసేశాడు. దరఖాస్తు గడువుకు ముందే వెళ్లింది. ఫలితాలు ఏప్రిల్‌లో తెలుస్తాయి.